కట్టు కట్టని కాలు

"పులిపిరి కాలికేగా, చేతులకేం రోగం? కండెలేవీ?" అన్నాడు శివనాగరాజు, మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే.

బాలసరస్వతి కండెల బుట్ట మొగుడి పక్కన పెట్టి, కుడి మడమ నేలకి ఆనకుండా మునివేళ్ళ మీద వంటింట్లోకి వెళ్ళింది. మడమ కింద శనగగింజంత పులిపిరి. చెప్పులో రాయి పడ్డట్టుంటుంది, కానీ కాలికి చెప్పే లేదు. అత్తగారు పున్నమ్మ సున్నం, చాకలిసోడా కలిపి పెడితే చుట్టూ పొక్కింది గాని పులిపిరి కదల్లేదు. "ఆడదాని పాదాలు పట్టుకుచ్చుల్లా ఉంటాయా అమ్మాయ్, నావి చూడు!" అని పగుళ్ళు చూపించి నవ్వేసింది.

రాట్నం తిప్పి కండెలు చుట్టేది సరస్వతే. తెగిన పోగులు అతికేది సరస్వతే. పడుగు సాగదీసే రోజున తెల్లారకముందే వీధి పొడవునా నూలు చాచి, మొగుడు కుంచెతో గంజి పట్టిస్తుంటే, ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరుగుతూ తెగిన పోగులు వెతికేదీ ఆవిడే. అదీ ఉత్త కాళ్ళతో. పడుగంటే అమ్మవారు, దాని పక్కన చెప్పులేసుకోకూడదని ఆ ఇంటి కట్టడి. ఆ నూలే రేపు చీరయి ఎవరి పూజకో వెళుతుందని సరస్వతి కూడా నమ్ముతుంది. నమ్ముతూనే, మంగళగిరి వీధుల్లో ఇన్ని పాదాలు తిరిగితే అమ్మవారు ఒక్కసారయినా కిందికి చూడదేమని అనుకుంటుంది. అనుకుని లెంపలేసుకుంటుంది. ఎవరైనా అడిగితే పున్నమ్మ మాత్రం, "మావాడు నేస్తాడండీ, కోడలు ఇంట్లో ఖాళీయే" అని చెబుతుంది.

పక్కవీధి జమీలాకి కిందటేడు ఇలాంటిదే వస్తే, ఆసుపత్రిలో కత్తితో కోసి కట్టు కట్టారు. కాలు కింద పెట్టొద్దన్నారు. జమీలా గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంటే, ఆటో నడిపే మొగుడు వాకిట్లో గిన్నెలు తోముతూ, "మహారాణీగారికి టీ కావాలంట సరస్వతక్కా, నువ్వూ తాగుతావా?" అని నవ్వాడు. జమీలా సిగ్గుపడుతూనే టీ గ్లాసు అందుకుంది. సరస్వతి ఇంటికొచ్చి పప్పు మాడబెట్టుకుంది. ఏ చీర మీదా పుట్టని ఆశ ఆ తెల్లటి కట్టు మీద పుట్టింది. కొండ మీది పానకాలస్వామికి దండం పెట్టి, తనకీ ఒక కోత ప్రసాదించమనే ఆడది లోకంలో ఎక్కడైనా ఉంటుందా? తను ఉంది. ఆ సంగతి తనకే ఒంటికి పట్టని బట్టలా ఉండేది.

నడక మరీ కుంటిదయ్యాక, శివనాగరాజు గుంటూరు తీసుకెళ్ళాడు. బ్రాడీపేటలో చర్మం డాక్టరు మాధవీలత గారు మడమ చూసి, "కొయ్యక్కర్లేదమ్మా, కొత్త మిషనొచ్చింది, మైక్రోవేవ్" అన్నారు.

"కూరలు వేడి చేసేదాండీ?" అన్నాడు శివనాగరాజు.

"ఆ జాతే. కానీ దీని మొన తగిలినంత మేరే వేడెక్కుతుంది. ఈ పులిపిరి వైరస్ లోపలే దాక్కుంటుంది. ఎన్నాళ్ళున్నా ఒంటికి తెలియనివ్వదు. వేడి తగిలాక ఒళ్ళు లేచి చూసుకుంటుంది, పోరాడుతుంది."

"నా ఒంట్లో ఉన్నది నా ఒంటికే తెలీదాండీ?" అని అడిగింది సరస్వతి.

"కనబడకుండా ఉండటమే దాని తెలివమ్మా."

మొన ఆనించగానే నిప్పుకణిక తొక్కినట్టయింది. అబ్బా అనేలోగా పోయింది. మళ్ళీ ఆనించారు, మళ్ళీ పోయింది. అది కాదు ఆవిడ భయం. అడిగింది: "ఎన్నాళ్ళు కాలు కింద పెట్టకూడదండీ?"

"భలేదానివే! కోత లేదు, కట్టు లేదు. ఇలాగే నడిచి వెళ్ళిపోవచ్చు. నెలకోసారి వచ్చిపో, అంతే."

"అద్గదీ మిషనంటే!" శివనాగరాజు మొహం వెలిగిపోయింది. బస్సులో పక్క సీటాయనకి కూడా చెప్పాడు, సైన్సు ఎంత పెరిగిపోయిందో. సరస్వతి కిటికీ వైపు తిరిగి కళ్ళొత్తుకుంది. "అంత మంటగా ఉందా?" అన్నాడాయన, కొంచెం జాలిగానే. కాదని తలూపింది. ఆ సాయంత్రం పున్నమ్మ కోడలి కాలు తిప్పి తిప్పి చూసి, "గాయమే లేదు, ఇదేం వైద్యం? సరేలే, రాత్రికి గారెలకి పప్పు రుబ్బు" అంది.

నెలలు గడిచేకొద్దీ పులిపిరి కరిగింది, మడమ నున్నబడింది. మనసు మాత్రం కుదురుగా లేదు. నెప్పి పోయిందని సంతోషించలేకపోతున్నందుకు తన మీద తనకే కోపం. మూడోసారి మిషను పెట్టించుకొచ్చిన వారం, పులిపిరి పోతే పానకం పోయిస్తానని పున్నమ్మ మొక్కిన మొక్కు తీర్చడానికి కొండెక్కింది. పూజారి స్వామి నోట్లో శంఖంతో పానకం పోశాడు. గుటకేసిన చప్పుడు. సగం తాగి సగం వదిలేశాడు స్వామి. బిందెలో మిగిలిన ఆ సగమే ప్రసాదంగా ఆవిడ చేతికొచ్చింది. చిన్నప్పట్నించీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం బిందె పట్టుకుని మెట్ల మీద చాలాసేపు నిలబడిపోయింది. ఎంత పోసినా సగమే పుచ్చుకునేవాడికి రోజూ మొక్కే ఇంట్లో, ఎవరూ తనకి సగం మిగల్చరేం?

మర్నాడే పడుగు. చీకటుండగానే నూలు చాచారు. సరస్వతి ఉత్త కాళ్ళతో నడిచింది. పోగులు అతికింది. మడమకి మట్టి చల్లగా తగిలింది, ఎక్కడా ముల్లు లేదు, రాయి లేదు. పడుగు నడిమికొచ్చాక ఆగి, నూలుకి దండం పెట్టుకుని, ఎదురింటి అరుగు మీద కూర్చుంది.

"ఏమైందే? మళ్ళీ సలుపుతోందా?" కుంచె ఆపి కేకేశాడు శివనాగరాజు.

అవునంటే చాలు. వెళ్ళి కూర్చోమని ఆయనే అంటాడు, పున్నమ్మ పసుపు నూరుతుంది. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న స్వామి పానకం తాగిన నోటితో అబద్ధమా? మింగేసింది.

"లేదండీ. కాలు బానే ఉంది. సగం దాకా నేను చూశాను, మిగతా సగం మీరు చూసుకోండి."