నడిచి గీసిన పటం

కొత్త భూగోళం పుస్తకంలోంచి "మీ బడిని నడిచి గీయండి" అనే పాఠం పీకేస్తామన్నాడు సిలబస్ కమిటీ పెద్దాయన. తొమ్మిదో తరగతికి ఏళ్ళ తరబడి ఆ పాఠం చెప్తున్నదాన్ని, ఊరుకుంటానా? ఆయన మా బడికొచ్చిన రోజున, పిల్లలు గీసిన పటాలన్నీ తెచ్చి ముందు పడేశాను.

"ఏంటమ్మా ఈ పిచ్చి గీతలు? గేటు నుంచి క్లాసు దాకా ఉత్త గ్రౌండేగా! దారిని అందరూ మధ్యలో వంకర తిప్పారేంటి? కాపీ కొట్టారా?"

"అక్కడ బావి ఉండేది సార్. మా చెల్లి అందులో పడి చచ్చిపోయాక పూడ్చేశారు. అప్పటికి ఈ పిల్లలు పుట్టనేలేదు. నేనెవరికీ చెప్పనూ లేదు. వాళ్ళ కాళ్ళే పక్కకి తిరుగుతాయి. మీ అచ్చు పటంలో ఆ బావి లేదు. ఈ పాఠం పోతే ఇక ఎక్కడా ఉండదు."

"బాగుంది, దెయ్యాలకి కూడా సిలబస్ రాయమంటావా?" అని నవ్వాడు. "రా, తిన్నగా నడిచి చూపిస్తా."

మిట్టమధ్యాహ్నం. చదును నేల, గడ్డిపరక కూడా లేదు. గ్రౌండు మధ్యకి వచ్చేసరికి ఆయన ఎత్తిన కాలు ముందుకు పడలేదు. మెల్లగా వెనక్కి పెట్టుకుని, వంగి కిందికి తొంగి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పాఠం ఉంచుతానమ్మా," అన్నాడు. "పిల్ల పైకే చూస్తోంది."

నేనూ వంగి చూశాను. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాను. నాకు మట్టే కనబడుతుంది.