ఆయుధ పూజకి ఆపిన మిషన్

మా అటెండరు సత్తిరాజుని తిట్టడానికి నాకు నోరు రాలేదండీ. లేకపోతే ఈ జాయ్సీ నోటి సంగతి ఏలూరులో మా ఆఫీసంతటికీ తెలుసు.

మాది కొల్లేరు వరద అంచనా వేసే ఆఫీసు. పదహారు కంప్యూటర్లు ఒకే లెక్కని పంచుకుని చేసే మిషన్ ఒకటుంది, ప్యారలల్ కంప్యూటర్ అంటారు. ఆపితే మళ్ళీ లేవడానికి ప్రతిసారీ కొత్త కోడ్ కావాలి. తయారుచేసిన బెంగళూరు కంపెనీవాళ్ళు ఫోనులో చెప్పేవారు. ఆ కంపెనీ జూన్‌లో మూతబడింది. అప్పట్నుంచీ కరెంటు పోతే, బ్యాటరీ నుంచి జనరేటర్ అందుకునేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

దసరా సెలవు. మూడు రోజులుగా వాన. లెక్క వచ్చిందేమో చూద్దామని మధ్యాహ్నం వెళ్ళాను. గదిలో చప్పుడు లేదు. మిషన్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

"ఆపొద్దని చెప్పానా లేదా, సత్తిరాజూ?"

అటెండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మామూలుగా ఆపొద్దన్నారు మేడమండీ. ఆయుధ పూజకి కూడానా అండీ? నడుస్తున్నదానికి బొట్టెలా పెడతామండీ?"

నిజమే, ఏటా ఆపే బొట్టు పెట్టేవాడు. పూజ వేళకి నేను పక్క గదిలో కూర్చునేదాన్ని, మాది చర్చి కుటుంబం కదా. పూజకి కూడా ఆపొద్దని చెప్పాలని నాకు తట్టనే లేదు.

ఆశ చావక కోడ్ కోసం కంపెనీకి ఫోన్ చేస్తే వాచ్‌మన్ ఎత్తాడు. టేబుళ్ళు కూడా పట్టుకుపోయారన్నాడు.

మా అమ్మ సూరమ్మ కొల్లేరు మధ్య లంక ఊళ్ళో ఉంటుంది. కొల్లేట్లో కలిసే బుడమేరు, తమ్మిలేరు రెండూ పొంగుతున్నాయని కబురు. పోయినేడు మిషన్ లెక్క తేలకముందే నేను భయపడిపోయి లంకంతా ఖాళీ చేయిస్తే, చుక్క నీరు రాలేదు. అప్పట్నుంచి కన్నతల్లి కూడా నా మాట వినదు, మిషన్ మాటే వింటుంది.

లంకలో తోమా కొట్టుకి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను.

"రేపు పొద్దున్నకి ఛాతీ లోతు నీళ్ళొస్తాయమ్మా. అందర్నీ పడవలెక్కించి గట్టుమీదకి తీసుకుపో."

"నువ్వంటున్నావా, మిషనంటోందా?"

మిషన్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

"మిషనే" అన్నాను.

"అయితే చర్చి గంట కొట్టిస్తాను" అంది అమ్మ. ఇంకేమీ అడగలేదు.

ఫోన్ పెట్టేశాక అసలు భయం పట్టుకుంది. ఈసారీ నీళ్ళు రాకపోతే, ఇంకెప్పుడూ ఎవరు చెప్పినా వాళ్ళు కదలరు. అక్కడే మోకరించి, మా ఇల్లు మునిగేలా చూడు ప్రభువా అని ప్రార్థన చేశాను.