కంచె దాటిన రాబిన్

ఆదివారం పొద్దున ఊరి పక్షుల్ని చూసే సంఘం వాళ్ళందరూ, వరదనీరు నిలిచిన పచ్చికబయలు అంచున ఉన్న చెక్క గుడిసెలో ఇరుక్కుని కూర్చున్నారు. ఎదుట నీళ్ళ నిండా ఐస్‌లాండ్ నుంచి వచ్చిన హంసలు. అందరూ దుర్భిణీలు కళ్ళకు ఆనించుకుని ఉంటే, ఎడ్నా ఒక్కతే హంసల్ని చూడడం లేదు. వెనక బెంచీ మీద నుంచి పక్కింటి విన్నీ గొంతు ఆమె ఒళ్ళు మండిస్తోంది.

"నా అరచేతిలోనే తింటుందండీ! బర్టీ అని పిలిస్తే చాలు, వచ్చి వాలిపోతుంది."

"రాబిన్ పిట్టా? నిజంగా చేతిలోనే?" సంఘం కార్యదర్శి క్లెమెంట్ హంసల్ని వదిలేసి వెనక్కి తిరిగాడు.

"మరేమనుకున్నారు! దాని గోళ్ళు ఎంత చల్లగా ఉంటాయో తెలుసా!"

"అయితే శనివారం తోటల్లో పక్షుల లెక్క మీ ఇంటినుంచే మొదలెడదాం. టీ కూడా మీ దగ్గరే," అన్నాడు క్లెమెంట్.

ఎడ్నా ఫ్లాస్కు మూత గట్టిగా బిగించింది. ఆ టీ తన తోటలో జరగాల్సింది. ఆకురాలు కాలం మొదలైన దగ్గర్నుంచి ఆమె ఒక రాబిన్‌ను మచ్చిక చేస్తోంది. మొదట మట్టి తవ్వుతూ పురుగుల్ని పార దగ్గర వదిలింది. తర్వాత బూటు మీద పెట్టింది. చివరికి మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి తిమ్మిరెక్కేదాకా చాచి ఉంచితే, పిట్ట అరచేతిలోకొచ్చి తిన్నది. లెక్క రోజున సంఘమంతా చూస్తుండగా, ఏమీ ఎరగనట్టు అరచెయ్యి చాపాలని ఆమె కోరిక. అందుకే ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది. ఇప్పుడు విన్నీ ఆ ముచ్చటంతా కొట్టేసింది.

ఇంటికి రాగానే కోటైనా విప్పకుండా మేడ మీది కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కంచెకు అటుపక్క విన్నీ చెయ్యి చాచి నిలబడి ఉంది. ఆ చేతి మీద ఎర్రరొమ్ము పిట్ట. దాని ఎడమ రెక్కలో ఎడ్నాకు బాగా తెలిసిన తెల్ల ఈక.

తన పిట్టే! తన చేతి తిండి తిని, అక్కడికెళ్ళి బర్టీ అయి కూర్చుంది. ఎడ్నాకు ఏడుపొచ్చింది. పిట్ట మీద కోపం, విన్నీ మీద అంతకు పదింతలు.

చలికాలంలో రాబిన్ తన హద్దులో ఇంకో రాబిన్‌ను బతకనివ్వదు. ఆ సంగతి ఎడ్నాకు బాగా తెలుసు. కంచెలో పిట్ట దూరి వెళ్ళే సందు ఒకటుంది. అక్కడ ఇంకో రాబిన్ కనిపిస్తే, నాలుగు పోట్లు పొడిచి ఇటే తిరిగొస్తుందనుకుంది. మర్నాడు తెల్లవారుతూనే గుండ్రటి అద్దమొకటి తెచ్చి ఆ సందులో కట్టింది.

పిట్ట వచ్చింది. అద్దంలో శత్రువును చూసి రొమ్ము పొంగించి మీదికి దూకింది. "అదీ!" అనుకుంటూ ఎడ్నా లోపలికెళ్ళి టోస్టు కాల్చుకుంది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే అది ఇంకా పొడుస్తూనే ఉంది. కింద పోసిన పురుగులు పోసినట్టే ఉన్నాయి. పొద్దు వాలుతోంది, నేల మీద మంచు కరగనే లేదు. ఎడ్నా ఒక్క ఉరుకున వెళ్ళి అద్దం పీకేసి కోటు జేబులో కుక్కింది. పిట్ట బెదిరి కంచె దాటి, విన్నీ పార పిడి మీద ఉబ్బిన ఊలు ఉండలా కూర్చుంది.

"ఎడ్నా! ఇలా రావే, బర్టీకేదో అయింది!" విన్నీ కేకేసింది. "పొద్దుట్నుంచీ రానేలేదు. నీ దగ్గరేమైనా తిందా?"

"నా దగ్గరికెందుకొస్తుంది?"

"ఊరుకో, నాకు తెలీదా? నువ్వు మచ్చిక చేశాకే నా దగ్గరికొచ్చింది."

"తెలిసే నీదని ఊరంతా చాటావా?"

"నువ్వు 'నాది' అంటావేమోనని చూశాను. నోరు విప్పితేగా! సర్లే, దెబ్బలాట తర్వాత. ముందు చెయ్యి చాపు."

ఇద్దరూ కంచెకు అటూ ఇటూ నిలబడి పురుగులున్న అరచేతులు చాచారు. ఇంత చలిలో ఖాళీ కడుపుతో పడుకున్న పిట్ట తెల్లారి లేవదని ఇద్దరికీ తెలుసు. పిట్ట కదల్లేదు. ఎడ్నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. "రా తల్లీ," అని గొణిగింది. అయినా రాలేదు. "పోనీ, ఆ విన్నీ చేతిలోనైనా తినవే. నీకు దణ్ణం పెడతాను."

పిట్ట రెక్క విదిల్చింది. ఎడ్నా చేతి మీదుగానే ఎగిరి, వెనక్కి తిరిగి, విన్నీ అరచేతిలో వాలింది. ఒక పురుగు తిన్నది. ఆగి, ఇంకొకటి తిన్నది.

"తింటోందే!" విన్నీ కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

ఎడ్నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి, పిట్ట విన్నీ బొటనవేలి మీద తీరిగ్గా ముక్కు రాచుకుంటోంది. ఎడ్నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.