పాలకు ముందూ, పాలకు తర్వాతా

నేను ఒక కాటాను. కిరాణా కొట్లో బెల్లం, చింతపండు తూచే కాటాను కాను, పసిపిల్లల్ని తూచే కాటాను. ఒంటినిండా తెల్లరంగు, ముందువైపు గుండ్రటి ముఖం, ముఖంలో ఒక నల్ల ముల్లు, నెత్తిమీద దోనెలాంటి రేకు పళ్ళెం. నేను పుట్టిన కార్ఖానాలో నాతోపాటు చాలామంది పుట్టారు. అందరికీ ఒకే రకం స్ప్రింగు, ఒకే రకం ముల్లు. బల్లపరుపు పళ్ళెం తగిలించుకున్నవాళ్ళు మిఠాయి దుకాణాలకి వెళ్ళారు. వంపు పళ్ళెం తగిలించిన పాపానికి నేను ఆస్పత్రికి వచ్చాను. పాపం అని ఎందుకంటున్నానంటే, మైసూరుపాకు ఎప్పుడూ పళ్ళెం తడపదు.

మండపేటలో పిల్లల డాక్టరు పద్మనాభంగారి దగ్గర నాకు చాలా ఏళ్ళు గడిచాయి. మనుషుల తీరు నేను అక్కడే నేర్చుకున్నాను. నా ముల్లు రెండు గీతలు ముందుకి జరిగితే చాలు, పాలు తానే ఇచ్చినట్టు తండ్రి మీసం సవరించుకుంటాడు. ఒక్క గీత వెనక్కి జరిగితే అందరూ తల్లి వైపు చూస్తారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అడిగితే ఒకటే చెప్పేదాన్ని: నా మీద పెట్టిందంతా కలిపి ఎంతో చెప్పడం నా పని, అందులో పిల్ల ఎంతో తేల్చుకోవడం మీ పని.

హైమ నా దగ్గరికి మొదటిసారి వచ్చింది కూతురి బారసాల అయిన మర్నాడు. తొలికాన్పు గనక పుట్టింట్లోనే ఉంది. ఆ పుట్టిల్లూ మండపేటలోనే, మొగుడు ఉమాపతి పనిచేసే రైసుమిల్లుకి రెండు వీధుల అవతల. ఉమాపతి ఆ మిల్లులో లారీల కాటా దగ్గర గుమాస్తా. ధాన్యం లోడుతో వచ్చిన లారీని తూచి, సరుకు దింపాక ఖాళీ లారీని మళ్ళీ తూచి, దీంట్లోంచి అది తీసేసి ధాన్యం ఎంతో తేల్చడం అతని ఉద్యోగం. గోనెసంచుల బరువు కూడా వదిలిపెట్టే రకం కాదు, దానికీ తరుగు తీసేవాడు. ఆ సంగతి విన్నప్పుడే నాకు అతను మావాడే అనిపించింది.

పిల్ల పేరు చిన్మయి. మనవరాలి మీద ముచ్చటకొద్దీ అమ్మమ్మ సీతామాలక్ష్మిగారు వెండి గట్టిగానే చేయించారు. నడుముకి కుప్పెల మొలతాడు, కాళ్ళకి గజ్జెల కడియాలు, చేతులకి లావుపాటి మురుగులు. వాటి పైన జరీ అంచు పట్టుగౌను, నెత్తిన ఉన్ని టోపీ. ఇన్నిటి మధ్య పిల్ల ముఖం వెతుక్కోవలసి వచ్చింది. నర్సు సుగుణ గౌను విప్పబోతే సీతామాలక్ష్మిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇప్పుడే నిద్దరోయిందమ్మా, లేపకు తల్లీ. పైగా వెండి పెట్టిన మర్నాడే తియ్యకూడదు కూడానూ."

"సర్లెండమ్మా, అలాగే పడుకోబెట్టండి," అంది సుగుణ. వరండా నిండా పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు మరి, ఆవిడ మాత్రం ఎంతమందికని సర్దిచెబుతుంది.

నేను నా మీద ఉన్నదంతా చెప్పాను. పద్మనాభంగారు చీటీ మీద వేసుకుని, "భేష్, పిల్ల బొద్దుగా ఉంది," అన్నారు. ఉమాపతి చెయ్యి మీసం మీదికి పోయింది.

మళ్ళీ నెలన్నర టీకాకి వచ్చారు. అప్పటికి ఎండలు ముదిరాయి. కడియాలు ఒరుసుకుంటున్నాయని వెండంతా తీసి బీరువాలో పెట్టేశారు. పిల్ల ఒంటిమీద ఉన్నది ఒక్క పల్చటి జుబ్బా. సూది వెయ్యాలి గనక సుగుణ అదీ విప్పేసి నా పళ్ళెంలో పడుకోబెట్టింది. నేను ఈసారీ ఉన్నదే చెప్పాను. డాక్టరుగారు పాత అంకె చూశారు, నా ముల్లు చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డాక్టర్లు కళ్ళజోడు తుడుచుకుంటుంటే ఎదురుగా నిలబడ్డ తల్లి కొంగు వేలికి చుట్టుకుంటుంది. నేను అది చాలాసార్లు చూశాను.

"పిల్ల ఏమీ ఎదగలేదమ్మా. నీ పాలు చాలట్లేదు," అన్నారు.

హైమ పిల్లని ఎత్తి గుండెకి అదుముకుంది. ఆ పిల్ల అంతకు ముందే వరండాలో కూర్చుని కడుపునిండా తాగింది. మూతి పక్కనుంచి కారిన పాలచుక్క నా పళ్ళెంలో కూడా పడింది. దాన్ని చూసినవాళ్ళు లేరు. నాకు నోరుంటే ఆ రోజు ఆస్పత్రి ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

డాక్టరుగారు ఎర్రసిరా కలంతో నా అద్దం మీద ఒక గీత గీశారు. "వచ్చే సోమవారానికి ముల్లు ఇక్కడికి రావాలి. రాకపోతే డబ్బాపాలు మొదలెట్టేద్దాం, ఇంక తల్లిపాలతో లాభం లేదు. ఈలోగా ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు గడియారం చూసి పట్టాలి. పాలకు ముందు తూచండి, పాలకు తర్వాత తూచండి. మాకు ఎలాగూ కరెంటు కాటా వచ్చింది, దీన్ని పట్టుకెళ్ళండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఉమాపతి. అతనికి ఈ పద్ధతి వెంటనే బోధపడింది. మిల్లులో రోజూ చేసేది అదే కదా. అలా నేను ఉమాపతి స్కూటరు ముందుభాగంలో కొత్తల్లుడిలా కూర్చుని సీతామాలక్ష్మిగారింటికి చేరాను. దారిలో కొన్న పాలడబ్బా కూడా నాతోపాటే వచ్చింది.

ఆ వారం ఆ ఇంట్లో జరిగిన తతంగం చెబితే నవ్వుతారు. ఉమాపతి మిల్లుకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి స్వయంగా తూచేవాడు. మధ్యలో అత్తగారికి ఆ బాధ్యత అప్పగించి వెళ్ళేవాడు. పాలకు ముందు పిల్లని పళ్ళెంలో పెడితే కాళ్ళు కొట్టుకుంటూ గోలపెట్టేది, నా ముల్లు గంగిరెద్దులా ఊగిపోయేది. సరేనని హైమ పాలు పట్టడం మొదలుపెడితే, సరిగ్గా పిల్ల కళ్ళు మూసుకుని హాయిగా తాగే సమయానికి అలారం గణగణమనేది. పిల్ల ఉలిక్కిపడి మళ్ళీ రాగం తీసేది. పాలకు తర్వాత పళ్ళెంలో పెట్టగానే చక్కగా తడిపేసేది.

"అదేంటి హైమా, తాగకముందు కన్నా తాగాక తగ్గింది?" అని ఉమాపతి కంగారుపడ్డాడు ఒకరోజు.

"మీ లారీ దారిలోనే సరుకు దింపేసిందండి," అంది హైమ, పళ్ళెం తుడుస్తూ. అన్నది వేళాకోళమే గానీ ఆమె గొంతులో హుషారు లేదు.

దీనికి తోడు సలహాలు. పురుడు పోసిన లేడీ డాక్టరుగారిని అడిగితే, ఏడవగానే ఎత్తుకోకు, అలవాటైపోతుంది అన్నారట. కాకినాడ వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపిస్తే, నిద్రలో ఉన్నా సరే లేపి పట్టు అన్నారట. అదే ఆస్పత్రిలో, గదిలోంచి బయటికి రాగానే అక్కడి హెడ్డు నర్సు, నిద్రపోయే పిల్లని లేపితే ఒంటికి పట్టదు, లేపొద్దు అందిట. అన్నిటికన్నా ఘనమైనది పెద్ద డాక్టరుగారు ఆఖర్న చెప్పిన ముక్క. తల్లి బెంగపెట్టుకుంటే పాలు తగ్గిపోతాయి గనక బెంగపెట్టుకోకూడదట. అది విన్న దగ్గర్నుంచి హైమ, తను బెంగపెట్టుకుంటోందేమోనని బెంగపెట్టుకుంది. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు, పిల్ల బాగుండాలనే చెప్పారు. నలుగురూ నాలుగు వైపులా లాగితే మధ్యలో ఉన్న మనిషి ఏమవుతుందో ఒక్కరూ ఆలోచించలేదు, అంతే.

పాలడబ్బా వంటింటి అలమరలో కూర్చుంది. దాని మీద బుగ్గలు పొంగిన ఒక పిల్ల బొమ్మ. హైమ అటు వెళ్ళినప్పుడల్లా ఆ బొమ్మని గోడవైపు తిప్పేది. పిల్లకి తన పాలు చాలడం లేదన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడింది. చాలినన్ని ఉన్నాయని ఒళ్ళు చెబుతోంది, లేవని ఆస్పత్రి చెబుతోంది. దేన్ని నమ్మాలో తెలియక పాలిస్తున్నంతసేపూ పిల్ల ముఖం చూడటం మానేసి నా ముఖం చూసేది. నేను ఆ ఇంట్లో ఉండి సిగ్గుపడిన రోజులు అవే.

"నీకు ఏడాదిన్నర వరకూ నేనే ఇచ్చాను. ఏ కాటా చూశానే?" అనేవారు సీతామాలక్ష్మిగారు. అంటూనే, ఎవరూ లేనప్పుడు వచ్చి ఎర్రగీతకి ముల్లు ఎంత దూరంలో ఉందో జానవేసి చూసుకునేవారు. ముల్లు కొంచెం కొంచెం జరుగుతూనే ఉంది గానీ ఆ గీత మాత్రం ఎక్కడో ఉంది.

సోమవారం రేపనగా ఉమాపతి అక్క భ్రమరాంబగారు రామచంద్రపురం నుంచి దిగారు. బారసాలనాడు జ్వరంతో రాలేకపోయారావిడ.

"మా పుట్టింటి పిల్లకి వెండి పెట్టారంట కదా అత్తయ్యగారూ, నేను చూడొద్దేంటండీ? ఓసారి పెట్టండి మరి," అన్నారు సీతామాలక్ష్మిగారితో.

బీరువా తెరిచారు. మొలతాడు, కడియాలు, మురుగులు, పట్టుగౌను అన్నీ ఎక్కాయి. ముద్దులాడటం పూర్తవకుండానే పిల్లకి ఆకలేసి రాగం అందుకుంది. హైమ తీసుకోబోయింది.

"ఆగాగు, పాలకు ముందు తూకం!" అని ఉమాపతి పిల్లని అలాగే తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. నా ముల్లు ఒక్క ఉదుటున లేచింది. ఎర్రగీత దాటి అవతల నిలబడింది.

"హైమా! అత్తయ్యగారూ! వచ్చేసింది, గీత దాటేసింది!" అని ఉమాపతి గెంతులేశాడు. భ్రమరాంబగారు తను అడుగుపెట్టిన వేళావిశేషం అన్నారు. హైమ పరుగెత్తుకొచ్చి ముల్లు చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, పిల్లవైపు వంగింది. పిల్ల కాళ్ళు ఝాడించింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. హైమ అలాగే ఆగిపోయింది.

"ఏవండీ, పొద్దున్న తూచినప్పుడు గజ్జెలు మోగలేదు కదండీ."

ఉమాపతి గెంతడం ఆపేశాడు. ఒక్కొక్కటే విప్పించి పిల్లని హైమ చేతికిచ్చాడు. విప్పిన వెండంతా నా పళ్ళెంలో పోశాడు. పట్టుగౌను, ఉన్ని టోపీ కూడా వేశాడు. వంగి నా ముఖంలోకి చూశాడు. నేను చెప్పాను. ఎంత సంతోషంగా చెప్పానో మీకు చెప్పలేను.

"అత్తయ్యగారూ, బారసాల మర్నాడు ఆస్పత్రిలో ఇవన్నీ తీశారాండీ?"

"మర్నాడే ఎలా తీస్తానండీ అల్లుడుగారూ?" అన్నారు సీతామాలక్ష్మిగారు.

ఉమాపతి నేలమీద చతికిలబడ్డాడు. వేళ్ళు మడుస్తూ లెక్క కట్టాడు. ఆనాటి బరువులోంచి ఇదంతా తీసేస్తే పిల్ల వారం వారం ఎంత పెరగాలో అంతా పెరిగింది, ఇంకాస్త ఎక్కువే పెరిగింది. "గోనెసంచికి తరుగు తీసేవాణ్ణి, పట్టుగౌనుకి తియ్యలేదు! నన్ను మిల్లులో ఎలా ఉంచుతున్నారే అసలు!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"అయితే నా పాలు చాలుతున్నాయి," అంది హైమ. మెల్లగా అంది. మళ్ళీ గట్టిగా అంది. వాళ్ళమ్మతో అంది, ఆడబిడ్డతో అంది, వంటింట్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఉన్న పాలడబ్బాతో కూడా అంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, బహుశా రెండూ. తర్వాత వీధి గుమ్మానికి దగ్గరగా చాప వేసుకుని కూర్చుని, అలారం లేకుండా, పిల్ల ముఖం చూసుకుంటూ పాలిచ్చింది. పిల్ల తాగినంతసేపు తాగింది. ఆ పూట పాలకు ముందూ లేదు, పాలకు తర్వాతా లేదు.

సోమవారం వెండిని రుమాల్లో కట్టుకుని, నన్ను స్కూటరెక్కించుకుని ఆస్పత్రికి వెళ్ళారు. సంగతంతా విని పద్మనాభంగారు, "అందుకే బట్టలిప్పి తూయాలని నేనెప్పుడూ చెబుతాను," అని సుగుణ వైపు చూశారు. సుగుణ పైకప్పు వైపు చూసింది. తర్వాత ఆయన పిల్లని కొత్త కరెంటు కాటా మీద పెట్టించి, అంకెలు చూసి, మళ్ళీ కళ్ళజోడు తీశారు.

"ఈ లెక్కన పిల్ల కాస్త ఎక్కువే పెరుగుతోందమ్మా. పాలు కొంచెం తగ్గించి ఇవ్వాలి."

హైమ ఫక్కున నవ్వింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. ఉమాపతి నవ్వాడు, సుగుణ నవ్వింది, వరండాలో తల్లులు ఎందుకో తెలియకుండానే నవ్వారు. అమ్మ అంతలా నవ్వడం ఎప్పుడూ చూడని చిన్మయి, కాటా మీద పడుకునే, బోసినోరు తెరిచి మొట్టమొదటిసారి నవ్వింది. అది చూశాక డాక్టరుగారికీ తప్పలేదు. నన్ను తిరిగి ఇవ్వబోతే, "మీరే ఉంచుకోండి బాబూ," అన్నారు.

ఉంచుకున్నారు. తర్వాత నేను ఆ దంపతుల సొంత ఇంట్లో ఎండుమిరపకాయలు తూచాను, ఆవాలు తూచాను, పెసరపప్పు తూచాను. పిల్లని మాత్రం తూచలేదు. ఉమాపతికి అప్పుడప్పుడూ మనసు లాగేది. పిల్లని చంకనేసుకుని నా చుట్టూ తచ్చాడేవాడు. హైమ వచ్చి నా పళ్ళెంలో ఏ వంకాయలో పోసి వెళ్ళేది.

తర్వాతి ఎండాకాలం ఆవకాయకి మామిడిముక్కలు తూచడానికి నన్ను నేలమీద పెట్టారు. ముక్కలు తీసి జాడీలో వేసేలోగా చిన్మయి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, ఖాళీ పళ్ళెంలోకి ఎక్కి కూర్చుంది. కూర్చుని ఊరుకుంటే బాగానే ఉండేది, ఎగిరి ఎగిరి కూర్చుంది. లోపల నా స్ప్రింగు టప్పుమంది. ముల్లు గిర్రున తిరిగి ఒకచోట బిగుసుకుపోయింది. ఉమాపతి కత్తిపీట వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు పిల్లని ఎత్తుకోవడం మానేసి, అలవాటు కొద్దీ నా ముఖంలోకి వంగాడు.

హైమ తన అరచెయ్యి నా అద్దానికి అడ్డం పెట్టింది. ఆ చేతికి కారం అంటుకుని ఉంది.

"చూడకండి."

"ఒక్కసారి, హైమా. ఊరికే."

"వద్దండీ. అన్నం తింటోంది, ఇల్లు పీకి పందిరేస్తోంది, ఒళ్ళెరగకుండా నిద్దరోతోంది. ఇంకేం కావాలండీ మీకు?"

ఉమాపతి పిల్లని రెండు చేతులా అందుకుని పైకెత్తి, "అబ్బో!" అన్నాడు. ఆ పిల్ల ఇల్లెగిరిపోయేలా నవ్వింది.

ఇప్పుడు నేను పాత ఇనప సామాన్ల కొట్లో ఉన్నాను. కొనేటప్పుడు కొట్టువాడు నన్ను తన కాటా మీద పెట్టి తూచాడు, నా జన్మకి అదే మొదటిసారి. దిగులేమీ లేదు. ఎండకి ఒళ్ళు వేడెక్కుతుంది, పక్కనే ఒక విరిగిన ఉయ్యాల గొలుసు ఉంది, కబుర్లకి లోటు లేదు. అద్దం మీద కారం మరక పోలేదు. దాని వెనక నా ముల్లు ఇప్పటికీ చిన్మయి బరువు దగ్గరే బిగుసుకుని ఉంది. ఎంత అని మీరు నన్ను అడక్కండి. హైమ చూడొద్దంది.