సెకండ్ నుంచి థర్డ్‌కి

పొద్దున ఏడింటికి అరోరాలోని ఆ అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో నాలుగు రౌండ్లు కొట్టడం కొండల్‌రావు దినచర్య. ఆరు నెలలుండి పోదామని సముద్రాలు దాటి కూతురు రాగిణి దగ్గరికి వచ్చాడాయన. వరంగల్ డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్. ఏ బండి ఎక్కినా దాని రోగం ఆయన ఒంట్లోకి వచ్చేస్తుంది. బ్రేకులైతే మడమలు, రేడియేటరైతే గొంతు, గేర్‌బాక్సయితే మోకాళ్లు. బండి బాగయితే నొప్పీ పోతుంది. డిపోలో దీన్నెవరూ వింతగా చూసింది లేదు. రిజిస్టర్‌లో 'కొండల్‌రావుకు కుడి మోకాలు' అని రాసి బస్సును షెడ్డుకి పంపేవాళ్లు. ఇక్కడా అంతే. వాడిన కారు కొనేముందు మనవాళ్లు ఆయన్ని ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పి, ఎక్కడ నొప్పి అంకుల్ అని అడిగి, చాయ్ తాగించి పంపుతుంటారు.

కింది ఫ్లోర్‌లో ఉండే రజిని మాత్రం తన కారు గురించి ఆయన్ని అడగలేదు. అడిగే ఓపిక ఎక్కడిది పాపం! ఉద్యోగం పోయింది. వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే పెట్టె సర్దుకుని దేశం వదలాలి. పగలంతా అప్లికేషన్లు, రాత్రంతా ఇంటర్వ్యూల చదువు. చివరికి యాభైమూడో రోజున షామ్‌బర్గ్‌లో ఒక కంపెనీ సోమవారం చేరమంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు సరిగ్గా అప్పుడే కారు మొండికేసింది. సెకండ్ నుంచి థర్డ్‌కి మారేటప్పుడు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఒక్క కుదుపు. పెద్ద ట్రక్కుల మధ్య హైవే మీద అలా కుదిపితే మనిషి మిగలదు.

వాట్సాప్ గ్రూపులో అడిగితే సగం మంది ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్సు, ఆయిల్ మార్చమన్నారు, సగం మంది మారిస్తే ఉన్నదీ పోతుందన్నారు. మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూస్తే ఏ లోపమూ కనపడలేదు. అతను నడిపితే కుదుపూ లేదు, డాక్టర్ గుమ్మం ఎక్కగానే తగ్గే జ్వరంలాగా. అయినా అతను ట్రాన్స్‌మిషన్ పోయే ముందు ఇలాగే ఉంటుందని, కొత్తది వేసేకన్నా కారు వదిలించుకోవడం మేలని చెప్పి పంపాడు. అరోరా నుంచి షామ్‌బర్గ్‌కి సరిగ్గా వెళ్లే బస్సు లేదు, రైలూ లేదు. ఆదివారం పొద్దున రజిని, కంపెనీకి రాలేనని రాద్దామా అని ఫోన్ చేతిలో పట్టుకుని కారు పక్కనే నిలబడి ఉంది. మూడో రౌండులో ఉన్న కొండల్‌రావు సంగతంతా విని, తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

ఇద్దరూ అరగంట తిరిగారు. మోకాళ్లలో చీమ కుట్టినంత నొప్పి లేదు. పెద్ద రోడ్డెక్కి స్పీడు అందుకుంటుండగా, కారు ఊగింది. ఆయన మొహం చిట్లించి, పక్కకి ఆపమన్నాడు.

"బండికి ఏ రోగం లేదు బిడ్డా. నాకు ఎడమ పాదం గుంజుతుంది. ఇది ఆటోమేటిక్ బండి, క్లచ్ లేదు, ఎడమ పాదంతోని పనే లేదు. నీ కాలు ఏడ పెట్టినవ్?"

రజిని కిందికి చూసింది. ఎడమ కాలు బ్రేకు మీద ఉంది.

తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో క్లచ్ తొక్కి నడిపిన కాలు అది. మనిషి తెలివిలో ఉంటే ఓ మూల బుద్ధిగా పడి ఉంటుంది. రెండు నెలలుగా నిద్ర లేదు కదా, ఇంజిన్ శబ్దం పెరగ్గానే గేరు మార్చాలని దానంతటదే లేచి క్లచ్ కోసం నొక్కుతోంది. ఇక్కడ కాలికి తగిలేది బ్రేకు. కారు కుదపక ఏం చేస్తుంది మరి?

రజినికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. కొండల్‌రావు నవ్వలేదు. పాదం పట్టుకుని మెల్లగా రుద్దుకుంటున్నాడు.

"మనుషుల నొప్పి నాకు ఒక్కనాడు రాలే. నా భార్య పోయేటప్పుడు చెయ్యి పట్టుకోని కూసున్న. ఏం తెల్వలే. నాకు మెషిన్ల నొప్పే వస్తది బిడ్డా. మరి నీ పాదం గుంజుడు నాకెట్ల వచ్చింది?"

రజిని నవ్వు ఆగిపోయింది. స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చింది. పక్కన కార్లు సర్రున పోతున్నాయి. ఆమెకి ఎలా ఊరుకోమని చెప్పాలో ఆయనకి తెలియలేదు. డిపోలో అయితే ఈ బండి ఇయ్యాల గేటు దాటదని రాసేవాణ్ణని మాత్రం అన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని కంపెనీకి రాసింది. రాలేనని కాదు, బుధవారం చేరతానని. పదకొండేళ్ల ఉద్యోగంలో ఎవర్నీ ఒక్క రోజు గడువైనా అడిగి ఎరగదు. శుక్రవారంతో అరవై రోజులు నిండుతున్నాయి, కాదంటే కథ ముగిసినట్టే. అయినా పంపింది. ఆదివారమైనా పది నిమిషాల్లో సరేనని జవాబొచ్చింది. దీనికోసమా ఇన్నేళ్లు భయపడ్డాను అని ఆమెకి తన మీద తనకే జాలేసింది.

ఇంటికొచ్చి పడుకుంటే సోమవారం సాయంత్రానికి లేచింది. రాగిణి గుమ్మం ముందు పెట్టిన పెరుగన్నం తిని మళ్లీ పడుకుంది. పైన కొండల్‌రావు కుంటుతూనే ఉన్నాడు. మంగళవారం కాస్త నయం. బుధవారం పొద్దున ఆయన రౌండ్లు కొడుతుండగా రజిని వచ్చి, వెళ్లొస్తానంకుల్ అని చెప్పి కారు తీసింది. ఎడమ కాలు మడిచి సీటు వారకి పెట్టుకుంది. కారు గేటు దాటి, వీధి మలుపు దాకా ఎక్కడా కుదపకుండా పోయింది.

ఆయన ఎడమ పాదం నేలకేసి గట్టిగా తొక్కి చూసుకున్నాడు. ఏమీ లేదు. పోయింది. హమ్మయ్య అనుకున్నాడు గానీ కాసేపటికే ఏం తోచలేదు. ఇక ఆ పిల్లకి ఎట్లుందో తన కాలు చెప్పదు. సాయంత్రం వచ్చినాక, అందరి లెక్కనే, అడిగి తెలుసుకోవాలె.