మూడో దూలం

పాత వంతెన కూల్చే రోజున కౌన్సిల్ వాళ్లు నన్ను పిలవలేదు. పిలవకపోతే మానేస్తానా? ముప్ఫై రెండేళ్లు వాళ్ల దగ్గరే పనిచేసి ఆ చెక్క వంతెన బాగోగులు చూసినవాణ్ని. రిటైరై రెండేళ్లయినా, పొద్దున్నే టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లి వాగు గట్టున కూర్చున్నాను.

కొత్త కాంక్రీటు వంతెన పక్కనే తయారైంది. రెండు లారీలు ఎదురెదురుగా పోవచ్చు. దుంగల లారీలు, పాల ట్యాంకర్లు ఇక చుట్టు తిరగకుండా నేరుగా హైవే ఎక్కుతాయట. మొన్న శనివారం ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాడు. గట్టున సాసేజీలు కాల్చి బ్రెడ్డులో పెట్టి పంచారు. లోయలో వాళ్లందరూ వచ్చారు. మా అన్న ఆల్విన్ మాత్రం రాలేదు.

ఎందుకొస్తాడు? వాగు అవతల ఆయనకి ఎనభై నాలుగు జెర్సీ ఆవులుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. దానికి కారణం నేనే.

నా పని చెబితే తప్ప ఇది అర్థం కాదు. వంతెన కింద మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒక్కో దూలాన్నీ సుత్తితో కొట్టి వినాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది. కుళ్లిందైతే దబ్బుమంటుంది. దబ్బుమంటే బర్మాతో తొలిచి, రాలే పొట్టు చూడాలి. ఎర్రగా పొడిగా రాలితే చేవ ఉన్నట్టు, నల్లగా ముద్దగా వస్తే పోయినట్టు. చూశాక ఆ బెజ్జంలోకి నీళ్లు దిగకుండా తారులో ముంచిన చెక్క బిరడా కొట్టాలి. అంటే ఏ దూలాన్ని తొలిచారో కింద నుంచి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆరేళ్ల కిందట, వాన హోరున పడుతున్న రోజు, మూడో దూలం నా చెవికి దబ్బుమంది. వాగు పెరుగుతోంది. నా భార్య గ్లెనిస్‌కి మర్నాడు ఆపరేషన్. సాయంత్రానికల్లా మూడు గంటల దూరంలో ఉన్న ఆసుపత్రికి చేరాలి. పైగా నా చెవి మీద నాకు అంతులేని గర్వం. అది ఎప్పుడూ తప్పలేదని ఊరంతా చెప్పుకునేవాళ్లు, నేనూ కాదనేవాణ్ని కాదు. తొలవకుండానే కాగితం మీద ‘తొలిచి చూశాను, లోపల కుళ్లింది’ అని రాసి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా ఐదు టన్నులు మించిన బండి దాటకూడదని కౌన్సిల్ వాళ్లు బోర్డు పెట్టారు; కొత్త వంతెన ఎలాగూ కడతాం కదా అని దూలం మార్చలేదు. పాల ట్యాంకరు దాటే వీల్లేదు. ఒక్క ఇంటి పాల కోసం తొంభై కిలోమీటర్లు చుట్టు తిరగలేమని పాల కంపెనీ వాళ్లు తేల్చేశారు. అన్న నాలుగు నెలలు పాలు గుంటలో పారబోశాడు. తర్వాత మందనంతా అమ్మేశాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మాట్లాడటమే మానేశాడు. ఆ వంతెన మీద ఒక్క బండే పడుతుంది. ఎదురుపడితే ఆయనే అవతల ఆగి నాకు దారిచ్చేవాడు. నేను స్టీరింగు మీద నుంచి వేలెత్తి పలకరిస్తే, వాగులో ఏదో పోగొట్టుకున్నట్టు అటే చూసేవాడు.

అందుకే ఆ రోజు గట్టున కూర్చుని నేను కోరుకున్నది ఒక్కటే. మూడో దూలం లోపల కుళ్లి ఉండాలి. కుళ్లి ఉంటే నేను రాసింది అబద్ధమైనా అందులో నిజం ఉన్నట్టే. ఒక ట్యాంకరు డ్రైవరు ప్రాణం కాపాడినట్టే. అప్పుడు అన్న గడప తొక్కడానికి నాకో ముఖం ఉంటుంది.

క్రేన్ మేస్త్రీ గార్త్ నన్ను చూసి గట్టు దిగొచ్చాడు.

“ఏం నెవిల్, చెక్కముక్కలకి అంత దిగులేంటి? ఇంటికి పట్టుకుపోతావా ఏంటి, పక్కలో పడుకోబెట్టుకోడానికి?”

“ఆ మూడోది దించగానే నడిమికి కోయించు. చూడాలి.”

“నీ చిత్తం దొరా” అన్నాడు.

దించారు. రంపం పెట్టారు. సగం దాకా వెళ్లేసరికి రంపం మూలిగింది. కుళ్లిన చెక్కలో రంపం మూలగదు. రెండు ముక్కలూ విడిపోయాయి. అంచు నుంచి అంచు దాకా ఎర్రటి చేవ. చిటికెన వేలు దూరేంత డొల్ల కూడా లేదు.

గార్త్ బూటుతో తన్ని చూశాడు. “ఇది ఇంకో నలభై ఏళ్లు మోసేది కదయ్యా! దీనికా ఐదు టన్నుల బోర్డు? ఏ చెవిటి సన్నాసి చూశాడో!”

“నేనే” అన్నాను.

వాడు మొహమాటపడి, గునపంతో దూలం ముక్కని పక్కకి దొర్లించాడు. సంతకం పెట్టాక నేను మళ్లీ తలెత్తి చూడని అడుగు వైపు పైకి వచ్చింది. అక్కడ ఒక బిరడా ఉంది. నేను కొట్టింది కాదు. మా పనివాళ్లెవరూ కొట్టింది కాదు. చీపురుకర్ర ముక్క. చాకుతో పీకితే బెజ్జం నిండా పసుప్పచ్చ జిడ్డు. ఆవుల పొదుగులు పగిలితే రాసే లేపనం అది. మా నాన్న ఇంట్లో గేటు బందుల దగ్గర్నుంచి గొడ్డలి కామా దాకా అన్నిటికీ అదే పూసేవాడు. ఆ అలవాటు వచ్చింది అన్నకీ నాకూ మాత్రమే.

ఆ బెజ్జం ఉన్న చోట దూలం నుంచి ఒక బిళ్ల కోయించుకుని బండిలో వేసుకున్నాను. నేరుగా అన్న ఇంటికి పోనిచ్చాను.

తలుపు తీసింది వదిన రోమా. “ఏం మరిదీ, కొత్త వంతెన వేస్తే గానీ మా ఇల్లు కనపడలేదా?” అని ఒక్కటి అంటించి, వెంటనే, “గ్లెనిస్ బాగుందా? మోకాలు నొప్పి తగ్గిందా?” అంది. ఆమె ఎప్పుడూ అంతే.

అన్న వంటింటి బల్ల దగ్గర రేడియో విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. బిళ్ల తీసి ఆయన ముందు పెట్టాను. చూశాడు. తలెత్తలేదు.

“ఎప్పుడు తొలిచావు?” అన్నాను.

“బోర్డు పెట్టిన మర్నాడే. కింద నీ బిరడా లేదు. తొలవకుండానే రాశావని అప్పుడే తెలిసింది.”

“మరి కౌన్సిల్‌కి చెప్పొచ్చు కదన్నా! ఒక్క ఫోన్ చేస్తే బోర్డు తీసేసేవాళ్లు.”

“తీసేసేవాళ్లు. నిన్నూ తీసేసేవాళ్లు. దొంగ రాత రాసినోడికి మర్నాడు పని ఉంటుందా? అప్పుడు గ్లెనిస్ ఆసుపత్రిలో గొట్టాలు పెట్టుకుని పడుంది. మీరుండేది కౌన్సిల్ వాళ్ల కొంప. ఆ పిల్లని తీసుకొచ్చి ఎక్కడ పడుకోబెడతావురా?”

“నాతోనైనా అనొచ్చుగా.”

“అంటే ఊరుకుంటావా నువ్వు? పరిగెత్తుకెళ్లి ఒప్పేసుకునేవాడివి. నాకు తెలీదూ నీ సంగతి!”

“ఆరేళ్లన్నా. కోపం అనుకున్నాను.”

“కోపమే. కోపం లేదని అంటే అబద్ధం. కానీ నీ ముందు నోరు తెరిస్తే నువ్వు తొలవలేదన్న సంగతే ముందు బయటపడేది. అందుకే తెరవలేదు.”

నాకు ఏడుపొచ్చింది. అరవై ఆరేళ్లవాణ్ని, వాళ్ల బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. సిగ్గు వేయలేదు. నా బరువంతా దిగిపోతున్నట్టే ఉంది. ఇన్నేళ్లకి అన్న చెయ్యి నా వీపు మీద పడింది. వెంటనే ఆ చెయ్యి ఆగిపోయింది.

తలెత్తి చూశాను. రోమా గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే తెలిసింది, ఆ మాట ఆమె వినడం కూడా ఇదే మొదటిసారని. ఎనభై నాలుగు ఆవుల్నీ పేర్లు పెట్టి పిలిచింది ఆమె. లారీ ఎక్కించిన రోజున ఒక్కోదాని మెడ నిమిరి పంపింది ఆమె. ఆ తర్వాత ఐదేళ్లుగా పట్నంలో మోటెల్ గదులు ఊడుస్తున్నదీ ఆమే.

కప్పులు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“నాతో ఒక్క మాట అనుంటే నేనూ ఊరుకునేదాన్నే ఆల్విన్. గ్లెనిస్ కోసమైతే నేనే అమ్మేద్దాం అనేదాన్ని. ఆ పాత వంతెన మీద పోయినప్పుడల్లా ఆ చెక్కల్ని తిట్టుకున్నాను. నీ తమ్ముణ్ని తిట్టుకున్నాను. పక్కనే కూర్చుని అన్నీ విన్నావు.”

“రోమా...”

“నన్నెందుకు నమ్మలేదు?”

ఆమె లోపలికెళ్లి తలుపు గడియ పెట్టుకుంది. అన్న లేచి వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డాడు. నా మనసు తేలిక చేసుకుందామని వచ్చి నేను వాళ్లింట్లో ఏం చేశానో ఆయన వీపు చూస్తుంటే అర్థమైంది. ఆయన వెనక్కి తిరక్కుండానే, “నువ్విక వెళ్లు తమ్ముడూ” అన్నాడు.