ఎలాగూ కోస్తున్నాం కదా

రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆ ఉదయం పదకొండు పీటలు ఖాళీ. వారం కిందట వైరస్ జ్వరం జొరబడింది. మిగిలిన ఆడవాళ్లు ఐసు నీళ్లలో వేళ్లు కొంకర్లు పోతున్నా ఇద్దరి పని ఒక్కరే చేస్తున్నారు.

చెల్లెలు ఆస్పత్రి నుంచి తిన్నగా పనికి వచ్చింది. అక్క అక్కడ ఆక్సిజన్ మీద ఉంది. షెడ్డు నుంచి వచ్చి చేరిన తొమ్మిది మందిలో ఏడుగురి పొట్ట మీద ఒకే రకం పాత కుట్ల మచ్చలు చూసి డాక్టరమ్మ పొద్దున్నే చెల్లెల్ని పిలిపించింది.

"ముప్పై ఏళ్లకే మీ అక్కకి గర్భసంచి ఎందుకు తీయించారమ్మా?"

"నెలసరికి నాగాలు పెడితే పనిలోంచి తీసేస్తారండీ. మేస్త్రీయే తీసుకెళ్లి చేయించాడు."

సెలవు ఇవ్వడం కంటే కోయించడం వాళ్లకు చవక.

అక్క పాత ఆపరేషను కాగితాలు తిరగేస్తూ డాక్టరమ్మ ఆగిపోయింది. "అండాశయాలు కూడా తీసేశారే! వాటికేం జబ్బు?"

"ఏమీ లేదండీ. ఎలాగూ కోస్తున్నాం కదా అన్నాడట కోసిన డాక్టరు."

ఆమె కాగితాలు మూసింది. "వాటి నుంచి వచ్చే హార్మోను వైరస్‌ని తట్టుకోవడానికి ఒంటికి కొంత అండగా ఉంటుందేమోనని పరిశోధిస్తున్నారు. మీ అక్కకి ఇంత ముదరడానికి అదే కారణమని ఒట్టేసి చెప్పలేను. కానీ జబ్బు లేనిదాన్ని తీసేయడానికి మాత్రం ఏ కారణమూ లేదు."

ఇప్పుడు షెడ్డులో మేస్త్రీ కాగితం పట్టుకుని పీట దగ్గరికొచ్చాడు. "బుధవారం నీ వంతు. సంతకం పెట్టు. మీ అక్కని చూడు, ఆపరేషనయ్యాక ఒక్క నాగా లేదు."

"ఇప్పుడుంది బాబాయ్. ఆరు రోజులు."

"జ్వరానికీ దానికీ ఏంటే సంబంధం? నువ్వేమైనా డాక్టరు చదివావా?"

"నేను చదవలేదు. కోసినాయన చదివాడుగా, జబ్బు లేని అండాశయాలు కూడా ఎందుకు తీశాడో ఆయన్నడుగు."

"నోరు లేస్తోందే! ఇంట్లో కూర్చుంటావా?"

చెల్లెలు చేతులు కడుక్కోలేదు, లేవలేదు. ఐసు మోసే మగవాళ్లకి కూడా వినపడేలా అంది:

"నాకు నెలనెలా ముట్టొస్తుంది. నొప్పిగా ఉన్న రోజు రాను. మర్నాడొస్తాను. కోయించుకోను."

మోసేవాళ్లు తలలు దించుకున్నారు. పక్క పీట మీదున్న పెద్దామె కత్తి ఆగింది. ఆమెకు ఆపరేషనై పదేళ్లు.

"అవి కూడా తీస్తారని నాకెవరూ చెప్పలేదే," అంది పెద్దామె, ఎవరితోనూ కాదన్నట్టు.

మేస్త్రీ గేటు వైపు చెయ్యి చాపాడు.

చెల్లెలు తొట్టిలోంచి ఇంకో రొయ్య తీసి, తల విరిచింది.